జీపీఎస్ దారి తప్పించింది అంటారు, అసలు తప్పు ఎవరిది?

క్లుప్తంగా: కారు అద్దానికి అతికించుకునే నావిగేషన్ డబ్బా లోపల మూడు వేర్వేరు పనులు నడుస్తాయి. బండి ఎక్కడుందో కనిపెట్టడం ఒకటి, ఆ చోటు ఏ రోడ్డు మీదకి వస్తుందో మ్యాప్‌లో చూడటం రెండోది, అక్కణ్ణించి వెళ్ళాల్సిన చోటుకి దారి లెక్కగట్టడం మూడోది. శాటిలైట్లకి సంబంధం మొదటి దానితోనే, ఆకాశం తెరిపిగా ఉన్న చోట అది దాదాపు ఎప్పుడూ సరిగ్గానే జరుగుతుంది. జనం తిట్టుకునే తప్పులు చాలావరకు మిగతా రెండిటివి.

అందరి చేతిలో ఫోన్ ఉంది, ఫోన్‌లో మ్యాప్స్ ఉన్నాయి, అయినా విడిగా జీపీఎస్ డబ్బా ఇంకా బతికే ఉంది. లారీలు నడిపేవాళ్ళు, నెట్ అందని దారుల్లో తిరిగేవాళ్ళు, డ్రైవింగ్‌లో ఫోన్ ముట్టుకోకూడదని గట్టిగా అనుకున్నవాళ్ళు ఇప్పటికీ కొంటున్నారు, పాతది ఇంట్లో మూలన పడున్నవాళ్ళు ప్రయాణానికి ముందు దుమ్ము దులిపి చార్జింగ్ పెడుతున్నారు. దాని చుట్టూ ఉన్న అనుమానాలు మాత్రం ఇరవై ఏళ్ళ కింద ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. సిమ్ లేకుండా ఎలా పనిచేస్తుంది, నెలనెలా కట్టాలా, పైనుంచి శాటిలైట్ మనల్ని చూస్తుంటుందా, ఇంత టెక్నాలజీ ఉండి ఓ గోడ ముందు ఆపి "గమ్యం చేరుకున్నారు" అంటుందేంటి.

శాటిలైట్‌కి మన సంగతి తెలీదు

ముందు ఇది తేల్చేస్తే మిగతాది సులువు. జీపీఎస్ శాటిలైట్‌కి మనం ఎక్కడున్నామో తెలీదు, మన డబ్బా ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో కూడా తెలీదు. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో రోజుకి రెండు చుట్లు తిరుగుతూ "నేను ఫలానా, ప్రస్తుతం ఇక్కడున్నాను, నా గడియారంలో టైం ఇంత" అని అరుస్తూ పోతుంది, అంతే. రేడియో స్టేషన్ పాటలు వేసినట్టు. కింద ఎంతమంది వింటున్నా దానికి తేడా లేదు, అందుకే దీనికి డేటా అక్కర్లేదు, రీఛార్జ్ అక్కర్లేదు. డబ్బా వినడం తప్ప తిరిగి శాటిలైట్‌కి ఏదీ పంపదు.

విన్న డబ్బా చేసే లెక్క ఏంటంటే, శాటిలైట్ చెప్పిన టైంకీ అది తన చెవిన పడిన టైంకీ తేడా చూసి దాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం వస్తుంది. ఇలా మూడు శాటిలైట్ల నుంచి దూరాలు దొరికితే భూమ్మీద చోటు తేలిపోవాలి. కానీ కాంతి నానోసెకండ్‌కి 30 సెంటీమీటర్లు పోతుంది, అంటే గడియారం సెకండ్‌లో పది లక్షలో వంతు తప్పితే చోటు 300 మీటర్లు తప్పుతుంది. శాటిలైట్లలో అటామిక్ గడియారాలుంటాయి, మన డబ్బాలో ఉండేది చేతి వాచీలో ఉండే రకం క్వార్ట్జ్ ముక్క. ఆ ముక్క ఎంత తప్పుగా తిరుగుతోందో పట్టుకోవడానికే నాలుగో శాటిలైట్ కావాలి. పైన గడియారాలు నడిచే తీరు కూడా కింద గడియారాల్లా ఉండదు. ఎత్తులో గురుత్వాకర్షణ తక్కువ, వేగం ఎక్కువ, రెండూ కలిపి రోజుకి 38 మైక్రోసెకండ్లు ముందుకి జరుగుతాయని ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్తుంది, దాన్ని ముందే సరిచేయకపోతే తప్పు రోజుకి పదకొండు కిలోమీటర్ల చొప్పున పేరుకుంటుంది. సందు చివర లెఫ్ట్ తిరగమని చెప్పే డబ్బా వెనకాల ఇంత కథ ఉంది.

ఇది అమెరికా సైన్యం కట్టుకున్న వ్యవస్థ. మొదటి శాటిలైట్ 1978లో పైకెళ్ళింది, 1983లో దారి తప్పిన కొరియా విమానాన్ని సోవియట్ యూనియన్ కూల్చేశాక, పూర్తయ్యాక మామూలు జనం కూడా ఉచితంగా వాడుకోవచ్చని అమెరికా ప్రకటించింది, 1995కి మొత్తం సిద్ధమైంది. అయితే జనం వాడే సిగ్నల్లో కావాలనే తప్పు కలిపి వదిలేవాళ్ళు, దాంతో చోటు వంద మీటర్ల దాకా అటూ ఇటూ అయ్యేది. ఓడకి వంద మీటర్లు లెక్క కాదు. కారుకి వంద మీటర్లంటే పక్క వీధి. 2000 మే మొదట్లో ఆ కలిపే తప్పుని ఆపేశారు, ఉన్న పరికరాలే ఒక్క రాత్రిలో పది ఇరవై మీటర్ల లోపు చెప్పడం మొదలుపెట్టాయి. గార్మిన్ స్ట్రీట్‌పైలట్ లాంటివి 1998 నుంచే ఉన్నా, కారు నావిగేషన్ ఇంటింటి వస్తువు అవ్వడానికి అసలు దారి తెరిచింది ఆ రాత్రే అనుకోవచ్చు. టామ్‌టామ్ గో 2004లో వచ్చింది, తర్వాత నాలుగైదేళ్ళు ఈ డబ్బాలదే రాజ్యం. ఇప్పుడైతే ఇలాంటి వ్యవస్థలే రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బెయ్‌డౌ కూడా ఉన్నాయి, కొత్త పరికరాలు వీటిల్లో రెండు మూడు కలిపి వింటాయి కాబట్టి ఎత్తైన బిల్డింగుల మధ్య కూడా ఎంతో కొంత ఆకాశం దొరుకుతుంది.

మూలనుంచి తీసిన రోజు ఎందుకంత లేటు

నెల రోజులు బీరువాలో ఉన్న డబ్బాని తీసి కార్లో పెట్టి ఆన్ చేస్తే "శాటిలైట్ల కోసం వెతుకుతోంది" అని నిమిషాల తరబడి గిరగిరా తిరుగుతూ కూర్చుంటుంది. పాడైందేమో అనుకుంటారు. పాడవ్వలేదు, పాఠం రాసుకుంటోంది. శాటిలైట్ తన కక్ష్య వివరాలు సెకండ్‌కి 50 బిట్ల వేగంతో పంపుతుంది, అంటే మనం ఫోన్‌లో టైప్ చేసే ఒక చిన్న మెసేజ్‌కే పది సెకండ్ల పైన పట్టే వేగం. ఒక శాటిలైట్ ఖచ్చితంగా ఎక్కడుందో చెప్పే ముక్క ముప్పై సెకండ్లకోసారి వస్తుంది, మొత్తం శాటిలైట్లన్నీ సుమారుగా ఎక్కడెక్కడున్నాయో చెప్పే పట్టిక పూర్తిగా దిగడానికి పన్నెండున్నర నిమిషాలు. ఖచ్చితమైన ముక్క కొన్ని గంటల్లోనే పాతబడిపోతుంది. పొద్దున వాడి మధ్యాహ్నం మళ్ళీ ఆన్ చేస్తే వెంటనే అందుకోవడం, నెల తర్వాత తీస్తే నానా తంటాలు పడటం ఇందుకే.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఆన్ చేశారు, వెతుకుతోంది, సరేలే దారిలో దొరుకుతుందని బండి కదిలించేస్తారు. ముప్పై సెకండ్ల ముక్కలో ఇరవయ్యో సెకండ్ దగ్గర చెట్టు అడ్డొచ్చిందా, ఆ ముక్క చెడింది, మళ్ళీ మొదట్నించీ. తెరిపిగా ఉన్న చోట ఓ రెండు నిమిషాలు ఆగి బయల్దేరితే వచ్చేది, తిరుగుతూ ఉంటే పది నిమిషాలైనా రాకపోవచ్చు. ఫోన్‌కి ఈ బాధ లేనట్టు కనిపించడానికి కారణం దాని యాంటెన్నా గొప్పదని కాదు, ఆ కక్ష్య వివరాలన్నీ అది నెట్ నుంచి క్షణంలో తెచ్చుకుంటుంది. కొన్ని డబ్బాలకి కూడా కంప్యూటర్‌కి కలిపినప్పుడు రాబోయే కొన్ని రోజుల కక్ష్యలు ముందే ఎక్కించే ఏర్పాటుంటుంది, వాడేవాళ్ళే తక్కువ.

బయల్దేరిన మొదటి యాభై మీటర్లలో అది తలతిక్కగా మాట్లాడటానికి కారణం వేరే. ఆగి ఉన్న బండి మొహం ఎటుందో జీపీఎస్‌కి తెలీదు. ఒక చుక్క ఎక్కడుందో తెలుస్తుంది, ఆ చుక్క ఎటు చూస్తోందో కదిలితేగానీ తెలీదు. అందుకని పార్కింగ్‌లోంచి బయటికి రాగానే ఎడమో కుడో చెప్పకుండా "ఉత్తరం వైపు వెళ్ళండి" అంటుంది, లేదా ఎదురుగా ఉన్న దారి వదిలేసి యూటర్న్ అంటుంది. నాలుగు బండ్ల దూరం కదిలాక సర్దుకుంటుంది.

కారు మీటర్‌కీ దీనికీ పడదు

డబ్బా స్క్రీన్ మీద 93 అని, కారు స్పీడోమీటర్ మీద 100 అని కనిపిస్తే ఏది నమ్మాలి? సాఫీ రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు డబ్బానే. అది వేగాన్ని శాటిలైట్ సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు నుంచి పట్టుకుంటుంది, దగ్గరికొచ్చే రైలు కూత సన్నగా, దూరం పోయే రైలు కూత బొంగురుగా వినిపిస్తుంది చూడండి, అదే సూత్రం. కారు మీటర్ మాత్రం చక్రం తిరుగుడు లెక్కపెడుతుంది, టైరు అరిగినా గాలి తగ్గినా లెక్క మారుతుంది. పైగా చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం మీటర్ అసలు వేగం కన్నా తక్కువ ఎప్పుడూ చూపించకూడదు, ఎక్కువైతే పదో వంతు మీద ఇంకో 4 కిలోమీటర్ల దాకా చూపించొచ్చు. అంటే నిజంగా 100లో పోతున్న బండి 114 చూపించినా రూల్ ప్రకారం తప్పు లేదు. కంపెనీలు కాస్త ఎక్కువే చూపించేలా పెడతాయి. సడన్‌గా బ్రేక్ వేసినప్పుడు మాత్రం డబ్బా అంకె ఓ సెకండ్ వెనకబడుతుంది, అప్పుడు కారు మీటరే నయం.

ఫ్లైఓవర్ ఎక్కామా, కిందే ఉన్నామా

ఫ్లైఓవర్ మొదలయ్యే చోటు ఊహించుకోండి. మధ్యలో రెండు లైన్లు పైకి లేస్తున్నాయి, పక్కన సర్వీస్ రోడ్డు కిందనే పోతోంది, రెండిటి మధ్య దూరం ఓ ఐదారు మీటర్లు. డ్రైవర్ కింద రోడ్డు తీసుకున్నాడు, స్క్రీన్ మీద బాణం మాత్రం దర్జాగా ఫ్లైఓవర్ మీద పోతోంది, "రెండు కిలోమీటర్లు నేరుగా వెళ్ళండి" అంటోంది. కింద రెండొందల మీటర్లలో తిరగాల్సిన లెఫ్ట్ వచ్చేసింది, వెళ్ళిపోయింది కూడా. ఆ తర్వాత రోడ్డు వంపు తిరిగాక, పైదారికీ కిందిదారికీ బాగా ఎడం వచ్చాక, బాణం ఒక్కసారిగా కిందికి దూకి "దారి మళ్ళీ లెక్కిస్తోంది" అంటుంది. అప్పటికి చేసేదేముంది.

ఇక్కడ నిజంగా జరిగిందేంటంటే, జీపీఎస్ చెప్పిన చోటు ఎప్పుడూ రోడ్డు మీద ఖచ్చితంగా కూర్చోదు, మంచి రోజునా ఐదు మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. పెద్ద బిల్డింగుల పక్కన ఇంకా ఎక్కువ, ఎందుకంటే సిగ్నల్ నేరుగా రాకుండా గోడకి కొట్టుకుని వస్తుంది, కొట్టుకుని వచ్చిన దారి పొడుగు కాబట్టి దూరం లెక్క పెరిగిపోతుంది. ఎత్తు విషయంలో తప్పు మరీ ఎక్కువ, శాటిలైట్లన్నీ తల పైనే ఉంటాయి, భూమి కిందనుంచి వినిపించేది ఒక్కటీ ఉండదు కదా. ఆ చుక్కని అలాగే చూపిస్తే బండి ఇళ్ళ మీదుగా, కాలవల మీదుగా పోతున్నట్టు కనిపిస్తుంది. అందుకని సాఫ్ట్‌వేర్ ఆ చుక్కని లాక్కొచ్చి దగ్గర్లో ఉన్న, ఇప్పటిదాకా వచ్చిన దారికి అతుక్కునే రోడ్డు మీద కూర్చోబెడుతుంది. ముందే ఫ్లైఓవర్ ఎక్కమని దారి వేసి ఉంటే, అనుమానం వచ్చినప్పుడు అది ఫ్లైఓవర్ వైపే మొగ్గుతుంది.

ఈ పద్ధతి లేకపోతే అసలు వాడలేం, కానీ దీనివల్ల ఒక చెడు కూడా ఉంది. డబ్బాకి ఎంత అనుమానం ఉన్నా స్క్రీన్ మీద బాణం మాత్రం గీత మీద గీసినట్టు నిలబడుతుంది. ఫోన్ మ్యాప్‌లో నడిచేటప్పుడు చుక్క చుట్టూ నీలం వలయం ఉంటుంది, "ఇంతలో ఎక్కడో ఉన్నావు" అని ఒప్పుకుంటుంది. కారు నావిగేషన్లో ఆ నిజాయితీ తీసేశారు.

టన్నెల్లో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. సిగ్నల్ పోయాక కూడా బాణం కదులుతూ ఉందంటే, అది చివరి వేగాన్ని పట్టుకుని ఊహించుకుంటోందని అర్థం. లోపల ట్రాఫిక్ ఆగిపోయినా బాణం పోతూనే ఉంటుంది. కారుతోపాటే వచ్చే నావిగేషన్‌కి చక్రాల సెన్సర్, మలుపుల్ని పసిగట్టే గైరో ఉంటాయి కాబట్టి టన్నెల్లోనూ బాగానే నెట్టుకొస్తుంది, అద్దానికి అంటించిన డబ్బాకి సాధారణంగా ఆ భాగ్యం లేదు. వేడిని ఆపే సన్నని లోహపు పూత ఉన్న అద్దాలున్న కార్లలో అయితే టన్నెల్ లేకుండానే సిగ్నల్ నీరసపడుతుంది. అలాంటి అద్దాల్లో వెనక చూసే మిర్రర్ దగ్గర పూత లేని ఖాళీ ఒకటి వదిలిపెడతారు, డబ్బాని చూపుకి అడ్డం రాకుండా ఆ దగ్గరికి జరిపితే తేడా కనిపిస్తుంది.

మ్యాప్ అంటే పాత ఫొటో

టామ్‌టామ్, గార్మిన్ అని డబ్బా మీద పేర్లు చూస్తాం గానీ, ఆ రోజుల్లో కారు నావిగేషన్ మ్యాపుల్ని పెద్ద ఎత్తున తయారు చేసినవి ముఖ్యంగా రెండు, నావ్‌టెక్, టెలీ అట్లాస్. 2008లో మొదటిదాన్ని నోకియా, రెండోదాన్ని టామ్‌టామ్ కొనేశాయి. శాటిలైట్లు ఉచితం, చిప్పులు చవకైపోయాయి, ఖరీదైంది మ్యాపే. ప్రతి రోడ్డు ఎటునుంచి ఎటు, ఎక్కడ తిరగనిస్తారు, ఎక్కడ తిరగనివ్వరు, వేగ పరిమితి ఎంత, ఇవన్నీ మనుషులు బండ్లేసుకుని తిరిగి రాసుకోవాల్సినవి. రాసుకున్నది డబ్బాలోకి వచ్చేసరికి నెలలు గడుస్తాయి, డబ్బా యజమాని అప్‌డేట్ చేసేసరికి ఏళ్ళు గడుస్తాయి. ఈలోపు వన్‌వే దిశ మారింది, కూడలి పోయి రౌండ్‌అబౌట్ వచ్చింది.

జీవితకాలం ఉచిత మ్యాపులు అని పెట్టె మీద రాసి ఉంటే ఆ జీవితకాలం కొన్నవాళ్ళది కాదు, పరికరానిది, అదెంతో నిర్ణయించేది కంపెనీ. మ్యాపులు ఏటేటా బరువెక్కుతాయి కాబట్టి పాత డబ్బా మెమరీలో కొత్త మ్యాప్ పట్టదు, కార్డు వేయాలి, లేదా కొన్ని ప్రాంతాలు వదిలేసుకోవాలి.

ఇక గోడ ముందు "గమ్యం చేరుకున్నారు" సంగతి. ప్రతి ఇంటి చోటూ మ్యాప్‌లో ఉండదు. చాలా చోట్ల వీధి ఒక చివర 1, ఇంకో చివర 99 అని మాత్రమే ఉంటుంది, 50 అడిగితే సరిగ్గా మధ్యలో ఆపుతుంది. మొదటి సగంలో ఓ పెద్ద పార్కు ఉండి ఇళ్ళన్నీ రెండో సగంలో ఉంటే ఆ అంచనా ఎందుకూ పనికిరాదు. పెద్ద ఆవరణలకైతే ఇంకో చిక్కు, మధ్యలో ఉన్న చుక్కకి ఏ రోడ్డు దగ్గరైతే అక్కడికి తీసుకెళ్తుంది, గేటు అటువైపు ఉన్నా సరే. అడ్రస్ బదులు గేటు దగ్గరి చోటుని మ్యాప్ మీద వేలుతో గుర్తుపెట్టుకుంటే ఈ బాధ పోతుంది.

త్వరగా అంటే ఎవరి లెక్కలో

దారి లెక్కకి మూలం డైక్‌స్ట్రా అనే డచ్ శాస్త్రవేత్త 1959లో ప్రచురించిన పద్ధతి. కూడళ్ళన్నీ చుక్కలు, రోడ్లన్నీ వాటిని కలిపే గీతలు, ఒక్కో గీతకి ఒక ఖర్చు, తక్కువ ఖర్చుతో చివరికి చేరాలి. ఇప్పటి పరికరాలు దానికి ఎన్నో అడ్డదారులు జోడించాయి, లేకపోతే ఆ బుల్లి చిప్ ఒక దేశమంతా వెతకడానికి గంటలు తీసుకునేది. కానీ అసలు ప్రశ్న ఖర్చు ఏంటనేదే. సెట్టింగ్‌లో "దగ్గరి దారి" పెడితే ఖర్చు కిలోమీటర్లు, దాంతో మూడొందల మీటర్లు మిగుల్చుకోవడానికి సైకిల్ పట్టని సందుల్లోకి తోలుతుంది. "త్వరగా వెళ్ళే దారి" పెడితే ఖర్చు నిమిషాలు, అయితే ఆ నిమిషాలు నిజంగా రోడ్డు మీద కొలిచినవి కాకపోవచ్చు, ఫలానా రకం రోడ్డు కాబట్టి ఇంత వేగం అని వేసుకున్నవి కావొచ్చు. గుంతల దారి కూడా పేరుకి పెద్ద రోడ్డైతే దాని దృష్టిలో పెద్ద రోడ్డే. చాలామంది కొన్నరోజు ఎలా ఉందో అలాగే వాడేస్తుంటారు. మట్టి రోడ్లు వద్దు, టోల్ వద్దు అనే టిక్కులు ఒక్కసారి సెట్టింగుల్లోకి వెళ్ళి చూసుకోవడం వల్ల వచ్చే లాభం కొత్త పరికరం కొనడం వల్ల కూడా రాకపోవచ్చు. లారీకి అయితే ఎత్తు, బరువు తీసుకునే లారీ మోడలే ఉండాలి, కారు డబ్బాకి అండర్‌పాస్ ఎత్తు గురించి పట్టింపు లేదు.

ట్రాఫిక్ దగ్గర డబ్బా వెనకబడింది. పాత మోడళ్ళకి ట్రాఫిక్ వార్తలు ఎఫ్ఎం రేడియో తరంగాల్లో చాటుగా కలిసి వచ్చేవి, దాన్ని పట్టే యాంటెన్నా తరచూ చార్జర్ వైర్‌లోనే ఉండేది, మామూలు వైర్ పెడితే ట్రాఫిక్ మాయం. పైగా అది ముందే నంబర్లు ఇచ్చిపెట్టిన ముఖ్యమైన చోట్ల గురించే చెప్పగలదు. ఫోన్లు వేరే పద్ధతిలో వచ్చాయి, రోడ్డు మీద ఉన్న ఫోన్లే ఎంత వేగంగా పోతున్నాయో చెప్తాయి. 2009 అక్టోబర్లో గూగుల్ ఫోన్‌లో మలుపు మలుపుకీ చెప్పే నావిగేషన్ ఉచితం అని ప్రకటించిన రోజే గార్మిన్, టామ్‌టామ్ షేర్లు దబ్బున పడ్డాయి.

మరి ఏది వాడాలంటే, రోజూ అదే ఊళ్ళో ఆఫీసుకీ ఇంటికీ తిరిగేవాళ్ళకి ఫోనే మేలు, దారి వాళ్ళకి తెలుసు, తెలియాల్సింది ఇవాళ ఎక్కడ జామ్ అయిందనేదే. డబ్బాకి మిగిలిన బలం వేరే చోట ఉంది, కాల్ వచ్చినా మ్యాప్ పోదు, ఎండలో స్క్రీన్ కనిపిస్తుంది, వేడికి ఫోన్ డల్ అయిపోయినట్టు అవ్వదు, మొత్తం దేశం మ్యాప్ లోపలే ఉంటుంది. ఫోన్ జీపీఎస్‌కి కూడా నెట్ అక్కర్లేదు, నెట్ కావాల్సింది మ్యాప్‌కే, ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే చివరి బలం కూడా కొంత కరుగుతుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి

జీపీఎస్ తేదీని వారాల లెక్కలో పంపుతుంది, పాత పద్ధతిలో ఆ అంకెకి పది బిట్లే, 1024 వారాలు దాటగానే మళ్ళీ సున్నా. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్లో ఇంకోసారి అలా అయింది, తర్వాతది 2038 నవంబర్లో. అప్‌డేట్ చేయని పాత డబ్బాలు తమని తాము ఇరవై ఏళ్ళు వెనక్కి తీసుకెళ్ళాయి, కొన్నిట్లో తేదీ ఒక్కటే తప్పు, కొన్ని చోటు పట్టుకోవడానికే మొరాయించాయి. కొనేముందు ఆరుబయట ఆన్ చేసి తేదీ చూస్తే తెలిసిపోతుంది.

తప్పు ఎక్కడుందో స్క్రీన్ చెప్తుంది

దారి తప్పిన క్షణంలో బాణం వైపు చూస్తే మూడు పనుల్లో ఏది చెడిందో పసిగట్టొచ్చు, నడుపుతూ కాదు, పక్కన ఆపి. బాణం వీధి నుంచి వీధికి గెంతుతుంటే సిగ్నల్ సరిగ్గా లేదు, పక్కన గోడలు గానీ కారు అద్దం గానీ కారణం. బాణం కుదురుగా సరైన రోడ్డు మీదే ఉండి పిచ్చి మలుపు చెప్తుంటే దారి లెక్కదీ సెట్టింగులదీ తప్పు. ఒక్కోసారి ఇంకోటి కనిపిస్తుంది, టైర్ల కింద నున్నటి కొత్త రోడ్డు ఉంటుంది, తెల్ల గీతలు కూడా ఇంకా మాయలేదు, స్క్రీన్ మీద మాత్రం బాణం ఏ గీతా లేని ఖాళీ పొలంలో ఒంటరిగా సాగిపోతుంటుంది, డబ్బా కంగారుగా వెనక్కి తిరగమంటుంటుంది. అప్పుడు శాటిలైట్ చెప్పింది అక్షరాలా నిజం, రోడ్డు వేసిన సంగతి మ్యాప్‌కి ఇంకా చేరలేదు.